పట్టాలకు ఆవలి వైపు: మిసిసిప్పీ నుంచి షికాగో దాకా

ఇంటికొచ్చి ఇంకా సూట్‌కేసు పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. చూసిన మొహాలు, విన్న మాటలు చెదిరిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. టికెట్లు, హోటళ్ల గొడవ వదిలేస్తున్నాను.

ఒంగోలు నుంచి డాలస్‌లోని మా ఇంటికి మా మామయ్య వచ్చాడు. మిషన్ హైస్కూల్లో ఏళ్ల తరబడి సోషల్ చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆదివారాలు పల్లెల్లోని క్రైస్తవ సంఘాలకు వెళ్లి బైబిల్ వాక్యం చెప్తుంటాడు. నయాగరా చూపిస్తానంటే వద్దన్నాడు. "జాన్ పెర్కిన్స్ పనిచేసిన ఊళ్లు చూపించరా చిన్నోడా, అది చాలు" అన్నాడు.

పెర్కిన్స్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. వాక్యం చెప్తూనే నల్లవాళ్ల హక్కుల కోసం నిలబడ్డ మనిషి. 1930లో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిప్పీలోని న్యూ హెబ్రన్‌లో, పత్తి చేలల్లో కోరుకి, అంటే పంటలో వాటాకి, చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. పసిగుడ్డుగా ఉండగానే తల్లి పెలాగ్రాతో, అంటే సరైన తిండి లేక వచ్చే జబ్బుతో, చనిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన అన్న క్లైడ్‌ని 1946లో సొంత ఊళ్లోనే పోలీసు కాల్చి చంపాడు. కుర్రాణ్ని ఇక్కడ ఉంచితే బతకనివ్వరని ఇంట్లోవాళ్లు కాలిఫోర్నియా పంపేశారు. అక్కడ ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అన్నీ కుదిరాయి. కొడుకు స్పెన్సర్ వెళ్లే పిల్లల బైబిల్ క్లాసు వల్ల తండ్రికీ వాక్యం మీద మనసు మళ్లింది, 1957లో క్రీస్తుని నమ్ముకున్నాడు. 1960లో భార్య వీరా మేని, పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ మిసిసిప్పీకే వచ్చేశాడు. మామయ్యకి ఈ ఆఖరి ముక్కే అర్థం కావాలి. ఆయన పుట్టింది పల్లెలోనే, ఉద్యోగం వచ్చాక ఒంగోల్లో ఇల్లు కట్టుకున్నాడు. "బాగుపడి బయటపడ్డవాడు వెనక్కి ఎందుకొచ్చాడ్రా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

శుక్రవారం, జాక్సన్

మిసిసిప్పీ రాజధాని జాక్సన్‌లో ఫారిష్ స్ట్రీట్ ఒకప్పుడు నల్లవాళ్ల షాపులు, హోటళ్లు, డాక్టర్లతో కిటకిటలాడిన వీధి. ఇప్పుడు చాలా షాపుల కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉన్నాయి. వీధి మధ్యలో 'బిగ్ యాపిల్ ఇన్' మాత్రం 1939 నుంచీ నడుస్తోంది. అక్కడ ఫేమస్ పంది చెవి శాండ్‌విచ్. చెవుల్ని కుక్కర్లో మెత్తగా ఉడికించి, చిన్న బన్నులో పెట్టి, ఆవ సాసూ కారం సాసూ కాబేజీ తురుమూ వేసిస్తారు. నాకు ముందు కొంచెం జంకుగా అనిపించింది కానీ మామయ్య ఒకటి తిని రెండోది చెప్పాడు. "తెల్లవాళ్లు పారేసిన ముక్కల్తో వీళ్లు ఎంత రుచిగా వండుకున్నార్రా, మన పల్లెల్లో మాత్రం మనకి మిగిలిందేంటి, బోటీ, తలకాయే కదా" అన్నాడు. ఇద్దరం కడుపు నిండా తింటే పదిహేను డాలర్లు కూడా కాలేదు. ఈ షాపు పైగదిలోనే నల్లవాళ్ల హక్కుల ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఆఫీసు ఉండేది.

ఆ మధ్యాహ్నమే ఎవర్స్ ఇంటికి వెళ్లాం. మామూలు చిన్న ఇల్లు, కానీ వీధి వైపు గుమ్మం లేదు. ఎవరైనా రోడ్డు మీంచి కాలుస్తారేమోనని తలుపు పక్కన, కారు పెట్టుకునే చోట పెట్టించుకున్నారు. అయినా 1963 జూన్ 12న అర్ధరాత్రి దాటాక ఆయన కారు దిగుతుండగా అక్కడే కాల్చారు. హంతకుడికి శిక్ష పడింది 1994లో. మామయ్య ఆ కారు దారి అంచున చాలాసేపు నిలబడ్డాడు. పక్కింటి వరండాలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తి పలకరించాడు. ఈ ఊళ్లో ఎదురైన మనిషిని పలకరించకుండా పోవడం మర్యాద కాదు. వరండాలో ఉన్నవాళ్లు, పక్క కారులో ఉన్నవాళ్లు, షాపులో లైన్లో ఉన్నవాళ్లు, అందరూ "ఎలా ఉన్నారు" అని అడుగుతారు, మనం నిజంగా జవాబు చెప్పేదాకా ఆగుతారు. డాలస్ శివార్లలో మా పక్కింటాయన పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

శనివారం, మెండెన్‌హాల్, బ్రాండన్

జాక్సన్ నుంచి 49వ నంబరు హైవే మీద కిందికి వెళ్తే ముప్పై మైళ్లు. రోడ్డు పక్కన గ్యాస్ స్టేషన్ దగ్గర పెద్ద గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. మామయ్య కారు ఆపించి, రెండు పొట్లాలు కొని, వొలుచుకుంటూ కాసేపు మాట్లాడటం కూడా మానేశాడు. పొట్లం ఐదు డాలర్లు. ఈ కాయలు దక్షిణాది రాష్ట్రాల్లో ఇంత మామూలని నాకే తెలీదు, ఇన్నేళ్లూ నేను ఇండియన్ స్టోర్లో పచ్చివి వెతుక్కుంటున్నాను.

మెండెన్‌హాల్‌లో మెయిన్ స్ట్రీట్ చివర గుమ్మటంతో కోర్టు ఉంది, ఊరంతా దానికింద ఉన్నట్టు. పెర్కిన్స్ పనిచేసిన నల్లవాళ్ల పేట రైలు పట్టాలకు అటువైపు. ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని ఎటో పైన్ చెట్ల మధ్య కంకర రోడ్డెక్కించింది. అక్కడ ట్రాక్టరు బాగుచేసుకుంటున్న ఒక తెల్ల ముసలాయన దారి చెప్పాడు, అదీ తన వ్యాన్ ముందు పోనిస్తూ పట్టాల దాకా వచ్చి. ఎవరి కోసం వచ్చారని అడిగితే పెర్కిన్స్ పేరు చెప్పాం. కాసేపు ఆగి, "అప్పట్లో నేను ఇటువైపు వాణ్ని" అని మాత్రం అని వెనక్కి తిరిగాడు. ఆ మాట ఎలా తీసుకోవాలో మాకు తెలీలేదు. మామయ్య మాత్రం "దాటి వచ్చి దారి చూపించాడు కదా, ఈ పూటకి అది చాల్లే" అన్నాడు.

పట్టాలు దాటగానే రోడ్డు సన్నబడింది. ఇక్కడ పెర్కిన్స్ దంపతులు ముందు పిల్లలకు బైబిల్ కథలు చెప్పారు. ఆ పిల్లలకు ఆకలి అని తెలిసి తిండి, చదువు రాదని తెలిసి సాయంత్రం ట్యూషన్లు, డాక్టరు చూడడని తెలిసి క్లినిక్, ఇళ్లు కారుతున్నాయని సహకార పద్ధతిలో ఇళ్లు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పాత బట్టలు ఊరికే పంచకుండా తక్కువ ధరకు అమ్మే దుకాణం పెట్టారు. కొనుక్కునేవాడికి ఇది నచ్చలేదు, చిరిగింది అనే హక్కు ఉంటుంది. దానం పుచ్చుకునేవాడికి ఆ హక్కు ఉండదు. మా అమ్మ చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో పంచిన పాలపొడి డబ్బాల కోసం లైన్లో నిలబడిన సంగతి ఇప్పటికీ తలదించుకునే చెప్తుంది, అందుకే ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఓటు హక్కు గురించి మాట్లాడటం మొదలుపెట్టాక గొడవ ముదిరింది. 1969 క్రిస్మస్‌కి ముందు పెర్కిన్స్‌ని, కొందరు పిల్లల్ని ఇక్కడి జైల్లో పెడితే ఆయన కిటికీలోంచే బయటి జనంతో మాట్లాడాడు. అప్పట్నుంచి నల్లవాళ్లు మెయిన్ స్ట్రీట్ షాపుల్లో కొనడం మానేశారు. 1970 ఫిబ్రవరి 7న మెండెన్‌హాల్ ఊరేగింపు నుంచి తిరిగెళ్తున్న టూగలూ కాలేజీ విద్యార్థుల వ్యానుని పోలీసులు ఆపి, పిల్లల్ని బ్రాండన్ జైలుకి తీసుకుపోయారు. బెయిలివ్వడానికి వెళ్లిన పెర్కిన్స్‌ని పోలీసులు రాత్రంతా కొట్టారు. ముక్కులో ఫోర్కు గుచ్చారు. నేల మీద పడ్డ తన నెత్తురు తన చేతే తుడిపించారు.

తిరుగు దారిలో బ్రాండన్ మీదుగా వచ్చాం. మామూలు ఊరు, శనివారం సాయంత్రం పిల్లలు బేస్‌బాల్ బ్యాగులు మోసుకుంటూ తిరుగుతున్నారు. క్యాట్‌ఫిష్ ప్లేటు తిన్నాం, మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన చేప, పక్కన హష్ పప్పీలని చిన్న బోండాల్లాంటివి, ప్లేటు పద్నాలుగు డాలర్లు. నాకు ముద్ద దిగలేదు. మామయ్య తింటూనే చెప్పాడు. ఆ దెబ్బల తర్వాత పెర్కిన్స్ ఒంట్లో బాగాలేక మౌండ్ బయూ అనే ఊళ్లో ఆస్పత్రిలో పడుకున్నప్పుడు తెల్ల డాక్టర్లూ నల్ల డాక్టర్లూ కలిసి వైద్యం చేశారట. ద్వేషం ఆ పోలీసుల్ని లోపల్లోపల ఎంత తినేసిందో జైల్లో ఆ రాత్రే చూశానని, తానూ అలా తయారవదల్చుకోలేదని పెర్కిన్స్ చెప్పుకున్నాడు. క్షమించడం అంటే కేసు వదిలెయ్యడం, హక్కు అడగడం మానెయ్యడం అని మన సంఘాల్లో కొందరు చెప్తుంటారు. ఈయన క్షమించాక కూడా క్లినిక్కూ ఓటూ ఇళ్లూ అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం, వెస్ట్ జాక్సన్

1970ల మొదట్లో పెర్కిన్స్ కుటుంబం జాక్సన్‌కి మారింది. తెల్లవాళ్లు ఖాళీ చేసిపోతున్న వెస్ట్ జాక్సన్‌లో వాయిస్ ఆఫ్ కాల్వరీ అనే పనిని నడిపారు. ఇళ్లు కొని బాగుచేసి పేదవాళ్లకు అమ్మడం అందులో ఒకటి. ఆయన పట్టుబట్టిన మూడు సంగతులు అప్పట్నుంచి చాలామంది నోట్లో నలిగాయి. పేదవాళ్లున్న చోటికి వెళ్లి కాపురం ఉండాలి, దేవుడితోనూ పొరుగువాడితోనూ సమాధానపడాలి, అంటే విరోధం మాని కలవాలి, ఉన్నది పంచుకోవాలి: డబ్బు ఒక్కటే చాలదు, చదువు, పని నైపుణ్యం, ఆస్తి మీద అధికారం కూడా.

మేం వెళ్లిన చిన్న సంఘంలో నల్లవాళ్లు ఎక్కువ, తెల్లవాళ్లు కొందరు. ఆరాధన అయ్యాక భోజనాలు. ఫ్రైడ్ చికెన్, ఆకుకూరని పొగబెట్టిన మాంసం ముక్కలతో ఉడికించిన కాలర్డ్ గ్రీన్స్, కార్న్‌బ్రెడ్, అరటిపండు పుడ్డింగు. వడ్డిస్తున్న నల్ల పెద్దావిడ మామయ్యని "బేబీ" అని పిలుస్తూ మళ్లీ మళ్లీ వడ్డించింది. మా ఎదురుగా కూర్చున్న తెల్ల ముసలావిడ రిటైరైన నర్సు, కుర్రతనంలో వాలంటీరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆవిణ్ని చూపిస్తూ పెద్దావిడ అంది: "వీళ్లంతా వేసవికాలం వచ్చి, ఫోటోలు దిగి పోయేవాళ్లు. ఈవిడ మా ఎదురిల్లు కొన్నాక, పిల్లల్ని మా పిల్లల బళ్లోనే వేశాక, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాను." నర్సు నవ్వలేదు. "మొదటి పదేళ్లు నేనే నేర్పడానికి వచ్చాననుకున్నాను" అంది.

ఇది తేలిగ్గా జరిగే పని అని ఎవరూ అనుకోకూడదు. పెర్కిన్స్ కొడుకు స్పెన్సరూ, క్రిస్ రైస్ అనే తెల్లాయనా తమ కుటుంబాలతో జాక్సన్‌లో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో, కలిసి వండుకుని, కలిసి ఖర్చుపెట్టుకుని బతికారు. దేశమంతా తిరిగి జాతుల సమాధానం గురించి మాట్లాడిన ఈ ఇద్దరూ 1997లో ఒకరి మొహం ఒకరు చూడలేనంత దూరమయ్యారు. పెద్దలు కూర్చోబెట్టారు, కలిశారు. 1998 జనవరిలో స్పెన్సర్ చనిపోయాడు. విడిపోయి ఉంటే ఆ చావు ఎంత భారంగా ఉండేదో అని నాకనిపించింది.

భోజనాల గది మూలన నీళ్ల సీసాల పెట్టెలు పేర్చి ఉన్నాయి. 2022 ఆగస్టులో ఊరి నీళ్ల ప్లాంటు దెబ్బతిని దాదాపు లక్షా యాభై వేల మందికి సరైన నీళ్లు లేకుండా పోయాయి. ఎనభై శాతానికి పైగా నల్లవాళ్లున్న రాజధాని ఇది. ఒంగోల్లో కుళాయి ఏ రోజు వస్తుందో లెక్కపెట్టుకునే మామయ్యకి దీని గురించి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆయన్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. 1870ల కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు కూలి ఇచ్చిన సంగతి చెప్పాడు. కరువు పూర్తయ్యేదాకా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం మతం మారారని ఎవరూ అనకూడదని. తర్వాత 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. "అంతమంది లేచారు, చదువుకున్నారు. కానీ మా ఊళ్లకీ, దళితులుండే పల్లెలకీ మధ్య గీత ఇంకా అలాగే ఉంది. మాలల సంఘం వేరు, మాదిగల సంఘం వేరు. మా దగ్గర రైలు పట్టాలు లేవు, చెరువుగట్టు ఉంది" అన్నాడు, ఇంగ్లీషులో మెల్లగా. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక్కొక్కరే లేచొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

మిసిసిప్పీ సివిల్ రైట్స్ మ్యూజియం ఆదివారం టికెట్ లేకుండా చూడొచ్చు. గంటన్నర సరిపోలేదు.

ఆదివారం రాత్రి, రైలు

'సిటీ ఆఫ్ న్యూ ఆర్లియన్స్' అనే ఆమ్‌ట్రాక్ రైలు సాయంత్రం జాక్సన్‌లో ఎక్కితే పొద్దున షికాగో. విమానం ఎక్కకుండా దీన్నే ఎక్కాలని మేం పట్టుబట్టడానికి కారణముంది. మిసిసిప్పీ నల్లవాళ్లు లక్షల్లో ఉత్తరాదికి వలస వెళ్లిన దారి ఇదే, అప్పట్లో ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే. భోజనాల పెట్టెలో వాళ్లకు చోటుండేది కాదు కాబట్టి చెప్పుల డబ్బాల్లో చికెనూ ఉడికించిన గుడ్లూ కట్టుకుని ఎక్కేవాళ్లు. మాకూ ఆ పెద్దావిడ ఫాయిల్‌లో చికెన్ కట్టిచ్చింది, గ్రీన్‌వుడ్ దాటాక తిన్నాం. మామయ్య కిటికీ వదల్లేదు, బయట పత్తి చేలు చీకట్లో కలిసిపోయేదాకా.

సోమవారం, నార్త్ లాన్‌డేల్

షికాగో యూనియన్ స్టేషన్ దగ్గర్నుంచి, పెర్కిన్స్ తోటివాళ్లు పనిచేసిన నార్త్ లాన్‌డేల్ పేటకి పింక్ లైన్ సిటీ రైల్లో టికెట్ రెండున్నర డాలర్లు పడింది. దిగగానే చల్లగాలి, పాత రాతి ఇళ్లు, వాటి మధ్య పళ్లూడిన చిగుళ్లలా ఖాళీ స్థలాలు. ఇళ్లు చూస్తే ఒకప్పుడు డబ్బున్న పేటని తెలుస్తుంది. 1950లో ఇక్కడ ఎక్కువమంది తెల్లవాళ్లు, ముఖ్యంగా యూదులు. 1960కల్లా లక్షా పాతిక వేల జనాభాలో పదింట తొమ్మిది మంది నల్లవాళ్లు. ఇప్పుడు ఉన్నది ముప్పై అయిదు వేల పరిధిలో. డగ్లస్ బులవార్డ్ మీద స్టోన్ టెంపుల్ బాప్టిస్ట్ చర్చి ఒకప్పటి సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, గోడల మీద దావీదు నక్షత్రాలు అలాగే ఉంచారు.

ఎందుకు ఖాళీ అయింది? క్లైడ్ రాస్ అనే ఆయన సంగతి చెప్తే చాలు. మిసిసిప్పీలోని క్లార్క్స్‌డేల్ నుంచి వచ్చినవాడు. అప్పట్లో నల్లవాళ్లున్న పేటలకు బ్యాంకులు లోను ఇచ్చేవి కావు, ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చేది కాదు. అందుకని 1961లో కాంట్రాక్టు మీద ఇల్లు కొన్నాడు, 27,500 డాలర్లకు. అమ్మినవాడు అదే ఇంటిని ఆరు నెలల ముందు 12,000కి కొన్నాడు. ఒక్క కిస్తీ తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. ఇలా వేల కుటుంబాలు రెండేసి ఉద్యోగాలు చేశాయి, గదులు అద్దెకిచ్చాయి, రిపేర్లు ఆపేశాయి. పేట పాడైంది మనుషుల బద్ధకం వల్ల అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. 1968లో రాస్ లాంటివాళ్లు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పెట్టి కిస్తీలు ఆపేశారు, కొన్ని వందల కుటుంబాలు కాంట్రాక్టులు తిరగరాయించుకున్నాయి. వాళ్లకు తోడున్న జాక్ మెక్‌నమారా అనే తెల్ల సెమినరీ విద్యార్థి ఆ పేటలోనే కాపురం ఉన్నాడు.

హామ్లిన్ అవెన్యూలో మార్టిన్ లూథర్ కింగ్ 1966 జనవరిలో అద్దెకు దిగిన చోటు చూశాం. పాత బిల్డింగు కూల్చేశారు, స్థలం చాలా ఏళ్లు ఖాళీగా పడుంది. 2011లో అక్కడ 45 ఫ్లాట్ల డాక్టర్ కింగ్ లెగసీ అపార్ట్‌మెంట్స్ కట్టింది లాన్‌డేల్ క్రిస్టియన్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. దాని వెనక ఉన్నది లాన్‌డేల్ కమ్యూనిటీ చర్చి. అయోవా నుంచి వచ్చి ఇక్కడి హైస్కూల్లో కోచ్‌గా చేరిన వేన్ గోర్డన్, తన హైస్కూలు పిల్లలతో 1978లో మొదలుపెట్టాడు. ఇంట్లో దొంగలు పదే పదే పడ్డా పేట వదల్లేదు. మీకేం కావాలని పిల్లల్ని అడిగితే, భయం లేకుండా బట్టలు ఉతుక్కునే చోటు కావాలన్నారట, చర్చిలో వాషింగ్ మిషన్ పెట్టారు. 1984లో ఆరోగ్య కేంద్రం, జైలు నుంచో మత్తు నుంచో బయటపడే మగవాళ్లకు హోప్ హౌస్. 1989లో గోర్డనూ పెర్కిన్సూ మరికొందరూ కలిసి ఇలాంటి పనులు చేసేవాళ్ల కోసం క్రిస్టియన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అసోసియేషన్ పెట్టారు.

ఓగ్డెన్ అవెన్యూలో లూ మాల్నాటీస్ పిజ్జా షాపు 1990ల మధ్యలో చర్చితో కలిసి తెరిచారు, అప్పటికి ఈ పేటలో కూర్చుని తినే హోటలంటే గగనం. హోప్ హౌస్ మనుషులకు ఉద్యోగాలిచ్చారు. డీప్ డిష్ పిజ్జాకి ముప్పావుగంట పట్టింది, టిప్పుతో కలిపి ముప్పై ఆరు డాలర్లు. డగ్లస్ పార్కులో బెంచీ మీద తిన్నాం. మామయ్యకి రెండు ముక్కలకే కడుపు నిండిపోయింది, మిగిలింది అడిగి మరీ తీసుకున్న ఒక కుర్రాడు మా పక్కనే కూర్చుని ఒంగోలు ఎక్కడుందో ఫోన్‌లో వెతికాడు.

మంగళవారం, 26వ వీధి

రైల్వే లైను కింద నుంచి దాటితే లిటిల్ విలేజ్, మెక్సికన్ల పేట. అరిటాకులో కాకుండా మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన తమాలేలు, పచ్చిమిర్చి సాసు, ఒక్కోటి రెండు డాలర్లు. మన నాలుకకి ఈ ప్రయాణం మొత్తంలో దగ్గరగా అనిపించిన తిండి ఇదే. ఇదే వీధి చివర కుక్ కౌంటీ జైలు, పెద్ద పెద్ద గోడలు. అటు వీధి నల్లవాళ్లదీ ఇటు వీధి మెక్సికన్లదీ, ఆరోగ్య కేంద్రం ఇద్దరికీ.

బస్ స్టాపులో ఒక నడివయసు ఆవిడతో మాట కలిసింది. చర్చి చేసిన పని మంచిదే అంది. "కానీ ఇళ్లు బాగుపడ్డకొద్దీ పన్నులు పెరుగుతున్నాయి. బాగుచేసిన వీధిలో మా పిల్లలు ఉండగలరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బయటివాళ్లు మంచి మనసుతో వచ్చి స్థిరపడినా స్థలాల ధర పెరుగుతుంది. అందుకే పెర్కిన్స్ బయటివాళ్ల కంటే ముందు, అక్కడే పుట్టి చదువుకుని వెళ్లిపోయినవాళ్లు తిరిగి రావాలని అడిగేవాడు. ఇల్లూ స్థలమూ పేటవాళ్ల పేరు మీద లేకపోతే చర్చిలో ఎంత కౌగిలించుకున్నా ఆ సమాధానం నిలబడదని నా గట్టి నమ్మకం. మా శివారు తెలుగు సంఘాలు థాంక్స్‌గివింగ్‌కి డాలస్ దక్షిణాన అన్నం పొట్లాలు పంచి సాయంత్రానికి ఇళ్లకు చేరతాయి. ఆ అన్నం తిన్నవాళ్ల పేర్లు మాలో ఎవరికైనా తెలుసా అని వచ్చే కమిటీ మీటింగులో అడగబోతున్నాను.

ఎయిర్‌పోర్టుకు వెళ్తూ మామయ్య అత్తయ్యకి ఫోన్ చేశాడు. ఒంగోల్లో రాత్రయింది. యోగక్షేమాలు అయ్యాక, "పల్లెలో మన పాత ఇల్లు ఎవరికిచ్చాం?" అని అడిగాడు. ఎవరూ లేరు, కప్పు కారుతోంది అంది అత్తయ్య. "కప్పు వేయించడానికి ఎంతవుద్దో మేస్త్రీని కనుక్కో" అన్నాడు. అవతల కాసేపు చప్పుడు లేదు. "అక్కడికి ఇప్పుడెందుకండీ, నా మోకాళ్లకి డాక్టరు ఒంగోల్లోనే గదా?" అంది. "అందుకే, అక్కడ డాక్టరు లేడు గనకే" అన్నాడు మామయ్య. ఆ తర్వాత కుళాయి గురించి, బాత్రూం గురించి, అబ్బాయి ఒప్పుకుంటాడా అన్న దాని గురించి, ఎయిర్‌పోర్టు వచ్చేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.